ఆ చిన్నదానికి అన్నం పెట్టండి
(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ దినమున మనం ధ్యానించబోయే భాగం లూకా సువార్త 8వ అధ్యాయం చివరిలో ఉన్నది. యాయీరు అనే సమాజమందిరపు అధికారి యేసు పాదములమీద పడి వేడుకున్నాడు. ఆయనకు ఒక్కతే కుమార్తె. ఆమెకు ఇంచుమించు పన్నెండేండ్లు. ప్రభువు ఆ ఇంటికి చేరేసరికే ఆమె చనిపోయిందన్న కబురు వచ్చింది. ఇంటినిండా ఏడ్చేవారు, రొమ్ము కొట్టుకునేవారు. తర్వాత ప్రభువు ఆమె చెయ్యి పట్టుకొని లేపిన సంగతి మనందరికీ తెలుసు. ఆదివార పాఠశాల పిల్లలు కూడా చెప్పగలరు.

అయితే ప్రియ శ్రోతలారా, ఈ భాగంలో మనం త్వరత్వరగా దాటిపోయే రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది, ప్రభువు ఆ గదిలోనికి ఎవరిని రానిచ్చాడు? ముగ్గురు శిష్యులను, వారితో పాటు ఆ చిన్నదాని తల్లిని, తండ్రిని. జనసమూహాన్ని బయట నిలిపి, తల్లిదండ్రులను లోపల ఉంచాడు. రెండవది, ఆమె లేచిన వెంటనే ప్రభువు చెప్పిన మాట ఏమిటి? ఆమెకు భోజనం పెట్టమన్నాడు. మరణమునుండి లేపగల ప్రభువు ఆ ఆకలిని కూడా ఒక్క మాటతో తీర్చగలడు కదా! కాని ఆ పని ఇంటివారికి విడిచిపెట్టాడు. ప్రాణము ఇచ్చుట ఆయన వంతు. పళ్ళెం పెట్టుట ఇంటివారి వంతు.

ఈ రెండు సంగతులను మనస్సులో ఉంచుకొని, మన సంఘాలలో ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక జబ్బును గురించి ఈ వేళ ఆలోచిద్దాం. దాని పేరు అనోరెక్సియా నెర్వోసా. పదమూడు, పద్నాలుగు, పదహారేళ్ళ పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, తిండి తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ చివరికి ఎముకల గూడులా అయిపోయే జబ్బు ఇది. మగపిల్లలకూ వస్తుంది. మొదట నూనె వద్దంటారు. తర్వాత అన్నం వద్దంటారు. ఆ తర్వాత అందరితో కలిసి కూర్చొని తినడమే మానేస్తారు. 'ఇప్పుడే తిన్నానమ్మా' అంటారు. బరువు పెరుగుతామనే భయం వారిని లోలోపల పట్టి పీడిస్తుంది. అద్దంలో చూసుకుంటే చిక్కిపోయిన తమ ఒళ్ళే వారికి లావుగా కనబడుతుంది. అందరూ అలాగే చెప్తారని అనుకోకండి. 1995లో ఢిల్లీ వైద్యులు ఐదుగురు యువతుల వివరాలను ప్రచురించారు. వారు తిండి మానేశారు, వాంతులు చేసుకున్నారు, బాగా చిక్కిపోయారు, నెలసరి ఆగిపోయింది. కాని లావైపోతున్నామన్న తలంపు వారిలో స్పష్టంగా కనబడలేదు. మన దేశంలో కొందరు పిల్లలు 'కడుపు నిండుగా ఉంది', 'సహించడం లేదు' అని మాత్రమే అంటారు. కాబట్టి ఇంటివారు అజీర్తి అనుకొని ఊరుకుంటారు.

ఇది అలంకారపు పిచ్చి కాదు, మొండితనం కాదు. గుండె నెమ్మదిస్తుంది, రక్తపోటు పడిపోతుంది, ఎముకల బలం తగ్గుతుంది. మానసిక రోగములలో ప్రాణాపాయం చాలా ఎక్కువగా ఉన్నవాటిలో ఇది ఒకటి. అమెరికాలో పేరుపొందిన గాయని కారెన్ కార్పెంటర్ 1983లో 32 ఏళ్ళకే ఈ జబ్బువలన గుండె ఆగి చనిపోయింది. ధనం ఉన్నది, పేరు ఉన్నది, ప్రేమించే కుటుంబమూ ఉన్నది. అయినా జబ్బు విడువలేదు.

కొందరు తల్లిదండ్రులు అడుగుతారు: 'అయ్యగారూ, మా పాప ఇదివరకు ఇలా ఉండేది కాదు. నవ్వుతూ తిరిగేది. ఇప్పుడు కోపం, అబద్ధం, ఒంటరితనం. మా బిడ్డేనా అనిపిస్తోంది.' దీనికి జవాబు ఇచ్చే ఒక సంగతి చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944, 1945 సంవత్సరాలలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష జరిపాడు. 36 మంది యువకులు దానికి తమంతట తాము ముందుకు వచ్చారు. వీరు మనస్సాక్షి నిమిత్తం ఆయుధం పట్టమని చెప్పినవారు. వారిలో అనేకులు బ్రెదరెన్, మెనోనైట్, క్వేకర్ సంఘాల విశ్వాసులు. యుద్ధంలో ఆకలితో అలమటిస్తున్న ప్రజలను తిరిగి ఎలా పోషించాలో తెలుసుకొనుటకు తమ శరీరములను అప్పగించుకున్నారు. 24 వారాలు వారికి రోజూ తినే దానిలో ఇంచుమించు సగమే పెట్టారు. బరువు నాలుగోవంతు తగ్గింది.

అప్పుడు ఏమి జరిగింది? దృఢమైన మనస్సు గలవారని ఏరి తెచ్చిన ఆ యువకులే దిగులుపడ్డారు, చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. పగలు రేయి తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు చదివేవారు. కొంచెం అన్నాన్ని చాలాసేపు కెలుకుతూ కూర్చునేవారు. గమనించండి. వారికి ముందుగా ఏ మానసిక రోగమూ లేదు. ఆకలే వారి మనస్సును మార్చివేసింది. మీ బిడ్డలో మీరు చూచుచున్న కోపములో, ఒంటరితనములో చాలా భాగము ఆకలి పలికించే మాట. కాబట్టి మొదటి మందు అన్నమే.

ఏలీయా సంగతి జ్ఞాపకం చేసుకోండి. మొదటి రాజులు 19వ అధ్యాయంలో ఆయన బదరీ వృక్షము క్రింద పడుకొని, ఇక ప్రాణం చాలునని దేవునితో అన్నాడు. దేవుడు అప్పుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. ఎందుకిలా అయ్యావని అడగలేదు. దూతను పంపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. నిద్రపోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టించాడు. ప్రశ్న అడిగింది ఆ తరువాత, హోరేబు చేరిన తరువాత. ముందు తిండి, తరువాత మాట. ఇది దేవుని క్రమము.

ఇప్పుడు వైద్యులు నేర్చుకున్నది ఏమిటో చూద్దాం. ఈ జబ్బుకు అనోరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టినది లండన్ వైద్యుడు విలియమ్ గల్. అది 1870వ దశకం. రోగులకు వేళ ప్రకారం తిండి పెట్టాలని ఆయన సరిగానే చెప్పాడు. కాని బంధువులు, స్నేహితులు వారి దగ్గర ఉండటానికి బొత్తిగా పనికిరారని కూడా తలంచాడు. ఆ తలంపు ఇంచుమించు వంద సంవత్సరాలు నిలిచింది. బిడ్డను ఇంటినుండి తీసి ఆసుపత్రిలో ఉంచేవారు. తల్లిదండ్రులనే దోషులుగా చూసేవారు. ఎందరు తల్లులు ఆ నింద మోసి కన్నీరు కార్చారో దేవునికే తెలుసు.

అదే లండన్ నగరంలో, మాడ్స్లీ ఆసుపత్రి వైద్యులు దీనికి ఎదురు దారి పట్టారు. ఆసుపత్రిలో చేరి బరువు కోలుకొని ఇంటికి వెళ్ళే 80 మందిని తీసుకొని, కొందరికి ఒంటరిగా చికిత్స ఇచ్చారు, కొందరికి కుటుంబముతో కలిపి ఇచ్చారు. 1987లో ఫలితములు ప్రకటించారు. జబ్బు చిన్న వయస్సులో మొదలై మూడేళ్ళు దాటని పిల్లలలో, కుటుంబముతో కలిసి చికిత్స పొందినవారే మెరుగుగా ఉన్నారు. ఐదేళ్ళ తరువాత చూసినా ఆ మేలు నిలిచే ఉన్నది. తరువాత అమెరికాలో, చికాగో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల వైద్యులు 121 మంది పిల్లలతో మరొక పరీక్ష చేసి 2010లో ప్రకటించారు. చికిత్స ముగిసిన ఒక సంవత్సరానికి, కుటుంబ ఆధారిత చికిత్స పొందినవారిలో నూటికి 49 మంది పూర్తిగా కోలుకున్నారు. ఒంటరి చికిత్స పొందినవారిలో 23 మంది. 2017లో ఇంగ్లాండు ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు కూడా పిల్లలకు, యౌవనస్థులకు కుటుంబ చికిత్సనే ముందుగా చూడమన్నాయి.

నూటికి 49 అంటే మిగిలినవారి సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. నిజమే. ఇది మంత్రం కాదు. కొందరికి ఎక్కువ కాలం పడుతుంది, కొందరికి ఆసుపత్రి కావాలి, కొందరికి వేరే చికిత్స కావాలి. అయినను బయటికి పంపబడిన తల్లిదండ్రులను మళ్ళీ గదిలోనికి పిలిచిన చికిత్స ఇది. యాయీరు ఇంట ప్రభువు చేసినది కూడా అదే కదా!

ఈ చికిత్స ఎలా జరుగుతుంది? ఇంచుమించు సంవత్సరం పాటు, ఇరవై సార్ల వరకు కుటుంబమంతా వైద్యుని దగ్గరకు వెళ్తారు. దీనిలో మూడు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో ఏమి తినాలి, ఎంత తినాలి అనేది తల్లిదండ్రులే నిర్ణయిస్తారు. విరిగిన కాలు గల బిడ్డను ఎత్తుకొని నడిచినట్లు, కొంతకాలం ఆ భారం వారే మోస్తారు. రెండవ మెట్టులో బరువు పెరిగి, పేచీ తగ్గిన తరువాత, తిండి బాధ్యతను కొద్దికొద్దిగా బిడ్డకు తిరిగి అప్పగిస్తారు. మూడవ మెట్టులో చదువు, స్నేహము, ఎదిగే వయస్సు సంగతులు మాట్లాడుకుంటారు. ఎవరివలన ఈ జబ్బు వచ్చిందని తవ్వుకుంటూ కూర్చోరు. బిడ్డ వేరు, జబ్బు వేరు అని నేర్పిస్తారు.

అయితే ప్రియులారా, వైద్యుని దగ్గర గడిపేది వారానికి ఒక గంట. పళ్ళెం ముందు గడిపేది రోజుకు ఐదారు సార్లు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి. యుద్ధం జరిగేది అక్కడ. అందుకే కుటుంబ చికిత్సకు తోడుగా ఇంటి దగ్గరే సహాయం అందించాలని కొన్ని దేశాలలో ప్రయత్నిస్తున్నారు. శిక్షణ పొందినవారు ఇంటికే వెళ్ళి, భోజనం దగ్గర కూర్చొని, తల్లిదండ్రులకు చెయ్యి అందిస్తారు. స్విట్జర్లాండులోని జ్యూరిక్ వైద్యులు, కుటుంబ చికిత్సకు ఇంటివద్ద సహాయం జోడిస్తే కలిగే మేలు ఎంతో తేల్చుటకు ఒక పరీక్ష తలపెట్టి, దాని ప్రణాళికను ప్రకటించారు.

మన ఊళ్ళలో ఇంటికి వచ్చే అటువంటి నర్సు దొరకకపోవచ్చు. కాని ఆ నర్సు చేసే పనిలో కొంత అమ్మమ్మ చేయగలదు, పెద్దమ్మ చేయగలదు, మేనమామ చేయగలడు, సంఘములోని ఒక నమ్మకమైన సహోదరి చేయగలదు. ఆ పని ఏమిటో చెబుతాను, జాగ్రత్తగా వినండి.

మొదటిది, తల్లిదండ్రులది ఒకటే మాట కావాలి. అమ్మ పప్పన్నంలో నెయ్యి వేస్తే, నాన్న 'పోనీలే, ఈ పూటకు వదిలెయ్' అనకూడదు. జబ్బు ఆ సందులోనుండే దూరుతుంది. తండ్రి లేని ఇంటిలో తల్లీ అమ్మమ్మా ఒకే మాటమీద ఉండాలి.

రెండవది, పక్కన కూర్చోవాలి. బిడ్డ పళ్ళెం గదిలోనికి పంపకూడదు. వాదించకండి. ఎన్ని క్యాలరీలని లెక్కలోనికి దిగకండి. బెదిరించకండి, బ్రతిమాలకండి. 'తల్లీ, నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు. ఇంకొక ముద్ద తిను. నేనిక్కడే ఉన్నాను' అని మెల్లగా, మళ్ళీ మళ్ళీ చెప్పండి. ఏడ్చినా, పళ్ళెం తోసినా, ఆ కోపం మీమీద కాదు, జబ్బు అరుస్తోందని తలంచుకొని నిలబడండి. మధ్యలో బడి కబుర్లు, పాటలు, క్రికెట్ సంగతులు మాట్లాడండి.

మూడవది, తిన్న తరువాత ఒక గంట తోడుగా ఉండండి. వెంటనే స్నానాల గదికి వెళ్ళి వాంతి చేసుకోకుండా, మేడమెట్లు ఎక్కి దిగుతూ తిన్నది కరిగించుకోకుండా కనిపెట్టి ఉండాలి. కావలివానివలె కాదు, తోడువలె. కలిసి ఒక ఆట ఆడండి, ఒక కీర్తన పాడుకోండి.

నాలుగవది, తమ్ముళ్ళను చెల్లెళ్ళను పోలీసులను చేయకండి. అక్క తిన్నదా లేదా అని చూసే పని వారిది కాదు. అక్కతో నవ్వుతూ ఉండటమే వారి పని. వారు కూడా భయపడుతున్నారు. వారిని దగ్గరకు తీసుకోండి.

ఐదవది, నింద ఆపండి. లండన్ వైద్యులే 2000లో 40 కుటుంబాలను గూర్చి చెప్పిన సంగతి ఇది. తల్లి మాటలలో విమర్శ ఎక్కువగా ఉన్న ఇళ్ళలో, తల్లిదండ్రులను, బిడ్డను వేరువేరుగా కలిసి మాట్లాడిన చికిత్సే ఎక్కువ మేలు చేసింది. మీ ఇంట కోపం అదుపు తప్పుతుంటే దాచకుండా వైద్యునికి చెప్పండి. ఇంటిలో బిడ్డమీద దెబ్బలు, దౌర్జన్యము ఉంటే మాత్రం అక్కడ ముందు కావలసినది బిడ్డకు భద్రత. అటువంటి చోట ఈ పద్ధతి నడవదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలా రోజులు తిండి లేని బిడ్డకు ప్రేమకొద్దీ ఒకేసారి ఎక్కువ పెట్టకూడదు. రక్తంలోని ఫాస్ఫేట్ వంటి లవణాలు హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయం రావచ్చు. కాబట్టి మొదట డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష, గుండె పరీక్ష చేయించి, ఆయన చెప్పిన ప్రకారం పెంచుతూ వెళ్ళండి. కళ్ళు తిరిగి పడిపోతున్నా, మెలకువగా ఉన్నప్పుడే నాడి నిమిషానికి 50 కంటె తక్కువ కొట్టుకుంటున్నా, నీళ్ళు కూడా ముట్టకపోయినా, చనిపోవాలన్న మాట నోట వచ్చినా, తెల్లవారేదాకా ఆగవద్దు. ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. మనస్సు సంగతులు ఎవరిని అడగాలో తెలియనివారికి మన ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అనే ఫోను సేవ ఉన్నది. దాని నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు.

ఇప్పుడు సంఘముతో ఒక మాట. ఈ జబ్బు మన మధ్యకు వచ్చినప్పుడు భక్తి వేషం వేసుకొని రావచ్చు. 'నేను ఉపవాసం ఉన్నాను' అని పిల్ల చెబుతుంది. సంఘమంతా మెచ్చుకుంటుంది. 'ఇంత చిన్న వయస్సులో ఎంత భక్తి!' అంటారు. సహోదరులారా, ఆలోచించండి. ఉపవాసం దేవుని యెదుట తగ్గించుకొనుటకు. అది ముగిసే వేళ ఒకటి ఉంటుంది. ముగిసినప్పుడు విశ్వాసి సంతోషముగా రొట్టె విరుస్తాడు. ఈ జబ్బుకు ముగింపు లేదు. అన్నం చూస్తే సంతోషం లేదు, భయమే. యెషయా 58వ అధ్యాయం చదవండి. దేవునికి ఇష్టమైన ఉపవాసం ఆకలిగొన్నవానికి ఆహారము పంచిపెట్టుట అని అక్కడ ప్రవక్త బోధిస్తున్నాడు. ఆకలిగొన్న ఆ చిన్నది మీ ఇంటిలోనే ఉన్నప్పుడు, ఆమెకు ఉపవాసం చెప్పుట దేవుని చిత్తమా? కాపరులారా, ఆ బిడ్డతో మీరే చెప్పండి: 'అమ్మా, నీవు బాగుపడువరకు నీకు ఉపవాసం లేదు. నీ భోజనమే నీ విధేయత.' తల్లిదండ్రులు వందసార్లు చెప్పినా వినని బిడ్డకు మీ ఒక్క మాట ఎంతో బలమిస్తుంది.

ఇంకొక సంగతి. ఆరాధన అయిన తరువాత గుమ్మం దగ్గర మన పలకరింపులు ఎలా ఉంటాయి? 'ఏమ్మా, లావయ్యావే!' 'సన్నబడ్డావు, ఇప్పుడు బాగున్నావు.' 'ఇలా ఉంటే సంబంధాలు ఎలా వస్తాయి?' మనం నవ్వి మరచిపోతాం. వినిన బిడ్డ మరచిపోదు. జబ్బుకు కారణాలు అనేకం ఉండవచ్చు, పుట్టుకతో వచ్చినవి కూడా ఉండవచ్చు. కాని మన నాలుక దానికి మేత వేయకుండా ఉండాలి. కోలుకొని వచ్చిన బిడ్డతో 'బొద్దుగా అయ్యావు' అని సంతోషముతో అన్నా ఆమె గుండెకు అది కత్తి. 'నిన్ను చూచి సంతోషమైంది తల్లీ' అనండి. అది చాలును.

దయ్యము పట్టినదని మూలకు కట్టివేయకండి. ప్రార్థన చేయండి, మానకండి. అయితే ప్రార్థన చేసినవారే ఆ తల్లికి ఒక పూట వంట చేసి పంపండి. తండ్రి వైద్యుని దగ్గరకు వెళ్ళే రోజున చిన్నపిల్లలను మీ ఇంట ఉంచుకోండి. ఆరు నెలల తరువాత అందరూ మరచిపోయిన వేళ ఫోను చేసి, 'అక్కా, ఈ వేళ ఎలా గడిచింది?' అని అడగండి. ఈ జబ్బు ఒక్క రాత్రిలో పోదు. మనము కూడా ఒక్క ప్రార్థనకే అలసిపోకూడదు.

ప్రియమైన తల్లీ, తండ్రీ, ఈ ప్రసంగం మీ ఇంటి సంగతేనని మీకు అనిపిస్తే, ఇది మీ పాపముచేత వచ్చినదని ఎవరు చెప్పినా నమ్మకండి. యాయీరును ప్రభువు నిందించలేదు. భయపడవద్దన్నాడు. లోపలికి రమ్మన్నాడు. పళ్ళెం మీ చేతికిచ్చాడు. ఈ వేళ ఒక ముద్ద, రేపు రెండు ముద్దలు. ఒక పూట ఓడిపోతే తరువాతి పూట ఉన్నది. ప్రియమైన చెల్లీ, తమ్ముడూ, ఆ జబ్బుతో నీవే వినుచున్నావేమో. అమ్మ నిన్ను బలవంతపెడుతున్నదని కోపం రావచ్చు. నీలో ఉన్న భయము నిజమే, కాని ఆ భయము చెప్పేది నిజము కాదు. ఈ సంగతి ఈ రోజే ఒక్కరితో చెప్పు.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల తండ్రీ, ఆకలిని దాచుకున్న మా బిడ్డలను నీవు ఎరుగుదువు. వారి పక్కన కూర్చున్న తల్లిదండ్రులకు ఓర్పు దయచేయుము. వైద్యులకు జ్ఞానము, సంఘమునకు మంచి నాలుక అనుగ్రహించుము. ప్రతి ఇంట పళ్ళెము దగ్గర నీవు అదృశ్యుడవైన అతిథివై కూర్చుండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.